లాంచీలో చెప్పని పేర్లు

కార్తీకమాసం వచ్చిందంటే మా గుంటూరు ఆడవాళ్ళ కాళ్ళు ఇంట్లో నిలవవు. ఒక ఉసిరిచెట్టూ, ఒక పులిహోర గిన్నే ఉంటే చాలు, బయల్దేరతాం. ఒక ఏడాది, పత్తి తీతకు కూలీలు దొరక్క మగవాళ్ళంతా చేలమీదే ఉన్న రోజుల్లో, మేము ఎనిమిదిమందిమి మాచర్ల మీదుగా విజయపురి సౌత్ చేరి నాగార్జునకొండకు లాంచీ ఎక్కాం.

మైకు పట్టుకున్న గైడు అబ్బాయికి మంచి గొంతు. ఆనకట్టకు ఇరవై ఆరు గేట్లన్నాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారన్నాడు. 1967లో ఇందిరాగాంధీ కాలవలకు నీళ్ళు వదిలారన్నాడు. ఏ హీరో ఏ గట్టు మీద పాట పాడాడో వేలుపెట్టి చూపించాడు. చివరికి, "ఈ నీళ్ళ కింద ఇక్ష్వాకుల పట్నం ఉండేది. రాజులు కట్టించిన పెద్ద విశ్వవిద్యాలయం. ఆచార్య నాగార్జునుడు పాఠాలు చెప్పాడు" అని మూడు ముక్కల్లో తేల్చేసి, పాట పెట్టాడు.

ఆ "రాజులు కట్టించిన" అన్న మాట దగ్గరే నాకు ఒళ్ళు మండింది.

నాగార్జునుడితో నాకేం పేచీ లేదు సుమండీ. బౌద్ధ గ్రంథాలు ఆయన్ని శ్రీపర్వతంతో ముడిపెట్టాయి. నంబూరులో 1976లో వెలసిన విశ్వవిద్యాలయానికీ ఆయన పేరే. కానీ ఈ లోయలో దొరికిన ఇక్ష్వాకుల శాసనాలు ఆయన ఊసే ఎత్తవు. అవి ఎత్తే పేర్లు వేరే ఉన్నాయి. ఎక్కువ భాగం ఆడవాళ్ళవి!

1926లో ఈ లోయలో శిథిలాలు బయటపడ్డాక తవ్వకాలు సాగాయి. ఆనకట్ట వస్తుందని తెలిశాక 1954 నుంచి 1960 దాకా మళ్ళీ హడావుడిగా తవ్వారు. బయటపడ్డదేమిటయ్యా అంటే, మూడో శతాబ్దంలో రాజు శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన తోబుట్టువు శాంతిశ్రీ బౌద్ధురాలు. మేనల్లుడు వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో మహాచైత్యం పూర్తిచేయించింది ఆవిడే. ఆ వీరపురుషదత్తుడి భార్య భట్టిదేవి ఒక విహారం కట్టించింది. కూతురు కొడబలిశ్రీ, వనవాస దేశపు రాజుని కట్టుకుని వెళ్ళిన పిల్ల, పుట్టింటి ఊళ్ళో ఇంకో విహారం కట్టించింది. భిక్షువులు ఉండడానికి గదులూ, కూర్చోడానికి మండపాలూ లేకపోతే పాఠాలు ఎక్కడ చెబుతారండీ, చెట్టుకింద నిలబడా?

"రాణులు గనక కట్టించారు, ఖజానా సొమ్మేగా" అంటారేమో. అక్కడే ఉంది అసలు సంగతి. బోధిశ్రీ అని ఒకావిడ. రాణి కాదు, రాచబిడ్డా కాదు, మనలాంటి సంసారి. సింహళం నుంచి వచ్చిన థేరవాద ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించి శాసనం వేయించింది. ఆ ఆచార్యుల సంప్రదాయం కాశ్మీరం, గాంధారం, చీనా దేశాల దాకా పాకిందని గర్వంగా చెక్కించింది. ఇతర ఊళ్ళలో తను చేయించిన ధర్మకార్యాల జాబితా కూడా ఇచ్చింది. భర్తనీ, అటు అత్తవారినీ ఇటు పుట్టింటివారినీ, ఎవర్నీ మర్చిపోలేదు. రాళ్ళు చెక్కిన విధికుడి పేరు కూడా వేయించింది. తన పేరు మాత్రం దాచుకోలేదు.

నిజమే, వాళ్ళూ తమని ఫలానావాడి అక్కననీ, భార్యననీ, తల్లిననీ చెప్పుకున్నారు. కాదనను. కానీ తమ పేరు కూడా చెప్పుకున్నారు.

మరి మన సంగతో? మా ఊరి బడికి స్థలం ఇచ్చింది మా అమ్మమ్మ. పసుపుకుంకుమల కింద పుట్టింటివారు ఇచ్చిన పొలం అది. బడి గోడమీది రాతిపలక మీద ఉన్నది మా తాతగారి పేరు. ఆయన సంతకం తప్ప పైసా ఇచ్చి ఎరగడు, పాపం మంచివాడే. ఆ పలక ముందు నుంచి నేను వందసార్లు నడిచి ఉంటాను. ఒక్కసారైనా "ఇదేమిటి?" అని అడిగానా? పదహారు నవలలు రాసిన దాన్ని! గైడు మీద కోపం తెచ్చుకునేందుకు నాకెంత అర్హత ఉందో మీరే చూసుకోండి.

అయినా అడుగుతాను. "జనం సరదాకి వస్తారమ్మా, చరిత్ర పాఠాలకి కాదు" అని జవాబిస్తారు. గేట్ల లెక్క చెబితే విన్న జనం బోధిశ్రీ పేరు చెబితే చెవులు మూసుకుంటారా? ముప్పావుగంట ప్రయాణంలో హీరోల గంతులకి పది నిమిషాలిచ్చారు. ఆవిడకి ఒక్క నిమిషం ఇవ్వలేరా? కొన్ని కట్టడాల్ని విప్పి కొండమీదికీ, అనుపుకీ మోసుకెళ్ళి మళ్ళీ కట్టారు. రాళ్ళని మోయడానికి అంత కష్టపడినవాళ్ళం, పేర్లని మోయడానికి బద్ధకించాం.

పైగా మనకి ఆ ఊరు బాకీ ఉంది. కుడికాలవ నీళ్ళు అద్దంకి, దర్శి దాకా పారాయి. మన మిరపతోటలూ, పత్తిచేలూ, పిల్లల ఫీజులూ, ఆడపిల్లల పెళ్ళిళ్ళూ ఆ నీళ్ళ మీద నడిచాయి. ఆ నీళ్ళకోసమే విజయపురి మునిగింది. ముంచడం తప్పు అనను, నా ఇంటి అన్నమూ అందులోంచే వచ్చింది. మునిగిందెవరి కష్టమో చెప్పకపోవడమే తప్పు.

మ్యూజియంలో మా వదినకి ఇవన్నీ చెబుతూ తిరిగాను. ఆవిడ పెద్దగా చదువుకోలేదు, పట్టుదల మాత్రం ఎక్కువ. తిరుగు లాంచీలో సరాసరి గైడు దగ్గరకెళ్ళింది.

"ఏం నాయనా, బోధిశ్రీ సంగతి చెప్పవేం?"

"ఎవరమ్మా ఆవిడ?" అన్నాడు ఆ అబ్బాయి. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. "మాకు రాసిచ్చిన కాగితంలో లేదమ్మా."

వదిన చెప్పింది, తనకు గుర్తున్నంత వరకు. సింహళం గుర్తుంది, విధికుడు గుర్తున్నాడు. చీనాకి బదులు జపాను అంది, నేను సర్దాను. అబ్బాయి జేబులోంచి పెన్ను తీసి, టికెట్టు పుస్తకం అట్టవెనక రాసుకుంటూ, "శాంతిశ్రీ అన్నావిడ రాజుకి ఏమవుతుందన్నారు? మళ్ళీ చెప్పండి" అన్నాడు.