బండి వెనుక చప్పుడు

కుట్టుమిషనును, పిండిరుబ్బు యంత్రమును గూర్చి ముచ్చటించుచుండు ఈ శీర్షికలో సరకులబండి ప్రస్తావన యెందులకని కొందరికి తోచవచ్చును. కాని కృష్ణా డెల్టాలో నేడు అనేక కుటుంబములకు పాత పికప్ బండియే పాడియావు. తెల్లవారకముందే విజయవాడకు కూరగాయలు చేర్చునది అదియే. నూజివీడు తోటల మామిడికాయలను, కైకలూరు చెరువుల చేపలను మోయునదియు అదియే. దాని అప్పు వాయిదాల లెక్క చూచుకొనునది తరచుగా ఇల్లాలే. నాట్లకును కోతలకును పోవు స్త్రీలు దాని తొట్టిలో కూర్చుండి ప్రయాణము చేయుటయు మన మెరుగనిది కాదు. సరకులబండిలో మనుష్యుల నెక్కించుట చట్టవిరుద్ధము, ప్రాణాపాయకరము, అయినను జరుగుచున్నది. కావున బండి వెనుక క్రొత్తగా పుట్టిన చప్పుడు డ్రైవరు ఒక్కని చింత కాదు. ముందు కూర్చున్నవానికి ఇంజను హోరులో వినబడనిది వెనుక కూర్చున్నవారికే మొదట వినబడును.

మాటలు రాని శిశువు ఏడ్చినప్పుడు తల్లి యేమి చూచును? పాలు త్రాగిన పిమ్మట ఏడ్చినదా, పండుకొనబెట్టినప్పుడా, కడుపు తాకినప్పుడా యని చూచును. బండియు నంతే. చప్పుడు ఎట్లున్నదని మాత్రమే చెప్పిన చాలదు. ఎప్పుడు వచ్చుచున్నదో గమనింపవలెను. వ్యాధి తెలియుట అందుచేతనే.

2005లో టాటా ఏస్ వచ్చిన పిమ్మట చిన్న సరకులబండ్లు పల్లెపల్లెకును వ్యాపించినవి. దానియందును, బొలెరో పికప్ నందును ఇంజను ముందుభాగముననే యున్నను, బండిని నెట్టునవి వెనుక చక్రములు. ఇంజను బలమును ఒక పొడవైన షాఫ్టు వెనుక ఇరుసునకు చేర్చును. ఇరుసు నడుమ గుమ్మడికాయవలె ఉబ్బియుండు పెట్టెలో పండ్లచక్రములు గలవు. వీనినే డిఫరెన్షియల్ అందురు. ఇద్దరు స్త్రీలు చేయి చేయి పట్టుకొని గుడిచుట్టు ప్రదక్షిణము చేయునప్పుడు వెలుపల నడుచునామె ఎక్కువ అడుగులు వేయవలెను గదా! మలుపులో వెలుపలి చక్రమున కా వెసులుబాటు కల్పించుటయే ఈ పండ్లచక్రముల పని.

ఇక పరీక్ష. ఖర్చులేని దానితో మొదలిడవలెను. తొట్టిని పూర్తిగా ఖాళీ చేసి, జాకీ, గొలుసు, పనిముట్లు తీసివేసి, వెనుక తలుపును త్రాటితో బిగించి, క్రింద వ్రేలాడు స్టెప్నీ వదులుగా నున్నదేమో చూడవలెను. నిండుకుండ తొణకదను సామెత ఇచ్చటను చెల్లును. బరువుతో మౌనముగా పోయిన బండియే ఖాళీగా వచ్చునప్పుడు గలగల లాడవచ్చును. పిమ్మట బండిని నిలిపియుంచి ఇంజను వేగము పెంపవలెను. అప్పుడును చప్పుడు వచ్చినచో దోషము చక్రములది కాదు. సైలెన్సరు గొట్టపు పట్టీ ఊడియుండవచ్చును.

నడచునప్పుడు మాత్రమే వచ్చు చప్పుళ్లు నాలుగు విధములు. గుంటలో పడినప్పుడెల్ల డబడబ మనినచో కమాన్లు, వాని బుష్షులు, షాకబ్జార్లు చూపింపవలెను. కమానును ఇరుసునకు బంధించు యూ బోల్టులు వదులైనచో ఇరుసు ప్రక్కకు జరుగును గనుక ఆలస్యము తగదు. బండి కదలునప్పుడో గేరు మార్చునప్పుడో ఒక్కసారి ఠక్కుమనినచో షాఫ్టు క్రాసు జాయింటుగాని, ఇరుసులోని పండ్లుగాని అరిగియుండును. బ్రేకు నొక్కినప్పుడే గీరినట్లున్న బ్రేకు లైనర్లు అరిగినవని అనుమానింపవలెను.

నాలుగవది తుమ్మెద రొదవలె ఎడతెగక, వేగముతోపాటు పెరుగు మ్రోత. జనులు పొరపడునది దీనియందే. తారురోడ్డునుండి సిమెంటురోడ్డుకు రాగానే అది మారినచో టైరు దోషము. యాక్సిలరేటరు నొక్కినప్పుడు ఒక విధముగను, వదలినప్పుడు మరియొక విధముగను ఉన్నచో డిఫరెన్షియల్ దోషము. మలుపులలో హెచ్చుతగ్గులైనచో చక్రపు బేరింగు దోషము. కుడికి తిరుగునప్పుడు బరువు ఎడమచక్రముపై పడును; అప్పుడు మ్రోత హెచ్చిన ఎడమ బేరింగునే మొదట శంకింపవలెను.

ఈ కడపటి దానిని ఉపేక్షింపరాదు. బేరింగు పూర్తిగా చెడినచో చక్రము బిగి తప్పును. కొన్ని బండ్లలో ఇరుసుకడ్డీతో సహా వెలికి రావచ్చును. మన బాటలలో అనేకములు కాలువగట్లపైననే గదా! ఒక ప్రక్క నీరు, మరియొక ప్రక్క పల్లపు చేను. అట్టిచోట చక్రము ఊడిన ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు.

డెల్టావాసులకు మరియొక హెచ్చరిక. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి అజిత్ సింగ్ నగరు ప్రాంతము మునిగినప్పుడు ఎన్నో బండ్లు నీటిలో నిలిచిపోయినవి. ఇంజను బాగుచేయించి, ఇరుసును మరచిన బండి కొన్ని నెలలకు మ్రోయవచ్చును. వేడెక్కిన ఇరుసుపెట్టె చన్నీటిలో మునిగినప్పుడు లోపలి గాలి సంకోచించి, గాలిరంధ్రమునుండియు అరిగిన సీళ్లనుండియు నీటిని పీల్చుకొనును. నీరు కలిసిన గేరునూనె మజ్జిగవలె తెల్లబారును. దానితో బేరింగులు త్రుప్పుపట్టును. కావున వరదనీటిలో దిగిన బండికి ఇరుసునూనెను వెంటనే పరీక్షింపజేయవలెను. ఆ నూనె మార్పునకగు వ్యయము పండ్లచక్రముల వెలముందు లెక్కలోనిది కాదు.

విజయవాడలోని జవహర్ ఆటోనగరు 1960 దశకమునుండి మోటారు పనివారికి నెలవు. అందు కమాన్లకు, గేర్లపనికి, వెల్డింగునకు వేర్వేరు దుకాణములు గలవు. ఏ గడప తొక్కవలెనో ముందుగా ఎరిగిపోయినవారికి కాలమును ధనమును మిగులును. “వెనుక ఏదో చప్పుడండీ” యని బండి నప్పగించినచో మేస్త్రి ఊహించి ఒక్కొక్క భాగమే మార్చవలసివచ్చును. “మేస్త్రిగారూ! నలుబది వేగము దాటిన పిదప మ్రోత వచ్చుచున్నది, కుడికి తిరిగిన హెచ్చుచున్నది, యాక్సిలరేటరు వదలినను తగ్గదు” అని చెప్పినచో ఆయనకు సగము పని తీరును. ఆయనను ఒకసారి బండిలో వెంటబెట్టుకొనిపోయి చప్పుడు వినిపించుట మంచిది. మార్చిన పాతభాగములను అడిగి తీసికొనుటలో మొగమాట మక్కరలేదు.

ఒక్క జాగ్రత్త: జాకీపై మాత్రమే నిలిపిన బండి క్రిందికి మీ బిడ్డలనుగాని, మగవారినిగాని దూరనీయకుడు. గట్టి స్టాండ్లు పెట్టి, మిగిలిన చక్రములకు ముందు వెనుకల రాళ్లు అడ్డిన పిమ్మటనే పని చేయవలెను.

వంటయింటి గోడకు వ్రేలాడు పంచాంగముపై చాకలిపద్దు వ్రాయునట్లే, చప్పుడు విన్న తేదీని, అది వచ్చిన సందర్భమును వ్రాసియుంచుడు. ఎసటి సలసలను బట్టి అన్నము ఎంత ఉడికినదో మూత తీయకయే చెప్పగల చెవి మనది. ఆ చెవిని బండివైపు కొంచెము త్రిప్పుట మనకు కష్టము కాదు.