ఎక్కడికీ కాదు, ఊరికే!

సైకిలు తొక్కడం ఒంటికి మంచిది, మనసుకు మరీ మంచిది. ఈ మాట డాక్టర్లు చెబుతున్నారు, పత్రికలు చెబుతున్నాయి, ఇంట్లో మగవాళ్ళు కాఫీ తాగుతూ చెబుతున్నారు. ఎవరు కాదన్నారు కనుక? నేను అడిగేదల్లా ఒక్కటే. ఎక్కడ తొక్కమంటారు? ఎప్పుడు తొక్కమంటారు?

"కార్లూ లారీలూ రాని దారి వేశాంగా!" అంటారు పెద్దలు. వేశారు, కాదనను. 2023 అక్టోబరు 1న హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు వెంబడి 23 కిలోమీటర్ల సైకిలు దారి ప్రారంభించారు. నానక్‌రాంగూడ నుంచి పోలీసు అకాడమీ వరకు ఎనిమిదిన్నర కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు వరకు పద్నాలుగున్నర. ఎండా వానా తగలకుండా పైన కప్పు. ఆ కప్పు మీద సూర్యరశ్మితో 16 మెగావాట్ల కరెంటు పుట్టించే పలకలు. కొరియా దేశంలో హైవే మధ్యన ఇలాంటి దారి ఒకటి ఉంది. మనకూ వచ్చిందంటే ముచ్చట పడని వాళ్ళెవరు?

ముచ్చట పడ్డాక మా సికింద్రాబాదు గుర్తొచ్చింది. చిలకలగూడలోనో, మారేడుపల్లిలోనో, తిరుమలగిరిలోనో కాపురముండే ఇల్లాలు ఆ దారి ఎక్కాలంటే ముందు ఊరు ఈ కొస నుంచి ఆ కొసకు చేరాలి. సైకిలు మీదే బయలుదేరిందనుకోండి, ప్యారడైజ్ చౌరస్తా దాటేలోగా ఆవిడ సరదా కాస్తా తీరిపోతుంది. పోనీ, సైకిలును కారుకు కట్టుకుని వెళ్ళాలి. అంటే ఏమిటన్నమాట? సైకిలు తొక్కాలంటే ముందు కారుండాలి! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

సరే, దూరం సంగతి అలా ఉంచండి. వేళ సంగతి చూద్దాం. విశాఖపట్నం బీచి రోడ్డులో కొంత దూరం తెల్లవారుజామున వాహనాలను ఆపి, నడిచేవాళ్ళకూ సైకిళ్ళవాళ్ళకూ వదిలిపెట్టే ఏర్పాటు చేశారు. ఒక పక్క సముద్రం. హారను మోత లేదు, పొగ లేదు, వెనకనుంచి ఎవడొచ్చి గుద్దుతాడోనన్న భయం లేదు. అల చప్పుడు వింటూ, ఉప్పుగాలి మొహానికి తగులుతుంటే మన ఇష్టం వచ్చినంత మెల్లగా తొక్కుకుంటూ పోవచ్చు. స్వర్గమే! కానీ ఆ స్వర్గం తలుపులు తెరిచే వేళ ఏది? సరిగ్గా మన పొయ్యి మీద పాలు పొంగే వేళ. పిల్లల డబ్బాలు సర్దే వేళ. కుళాయి వచ్చే వేళ.

"మరి మగవాళ్ళు వస్తున్నారుగా?" అని అడుగుతారేమో. ఎందుకు రారండీ! ఆయన ఎనిమిది మైళ్ళు తొక్కి చెమటలు కక్కుతూ ఇంటికి వచ్చేసరికి ఇక్కడ ఉప్మా పొగలు కక్కుతూ ఉంటుంది. ఆ ఉప్మా కూడా ఆయన వ్యాయామంలో భాగమే. అది లేకపోతే ఆ సైకిలు గుమ్మం దాటదు.

నా మాట నమ్మకపోతే ప్రభుత్వం మాట నమ్మండి. 2024లో జనం తమ రోజును ఎలా గడుపుతున్నారో కేంద్రం దేశమంతటా సర్వే చేయించింది. జీతం లేని ఇంటి పనుల్లో పాల్గొనే ఆడవాళ్ళు అందుకు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. మగవాళ్ళు 88 నిమిషాలు. తేడా 201 నిమిషాలు. అంటే మూడు గంటల ఇరవై ఒక్క నిమిషాలు! ఆ 23 కిలోమీటర్ల దారిని ఈ చివర నుంచి ఆ చివరకు తొక్కి, మళ్ళీ వెనక్కి తొక్కుకుంటూ వచ్చి, నీడన కూర్చుని టీ తాగినా ఇంకా టైము మిగులుతుంది. మనకు తక్కువైంది దారి కాదు తల్లీ, ఆ మూడు గంటలు.

ఇంకో చిక్కుంది. ఆడది రోడ్డు మీద కనిపిస్తే "ఎక్కడికి?" అన్న ప్రశ్న ముందు పుడుతుంది. కూరలకు, బడికి, గుడికి, బ్యాంకుకు అని ఏదో ఒకటి చెప్పాలి. బీహారులో 2006లో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చే పథకం పెట్టారు. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లోనూ తొమ్మిదో తరగతి పిల్లలకు పంచారు. ఆ పథకం పేరు 'బడికొస్తా'. ఎంతో మంచి పథకం, ఎందరో పిల్లల చదువు నిలబెట్టింది. కానీ పేరు చూడండి, అందులోనే గమ్యం ఉంది. గమ్యం ఉన్నంత వరకే ఆడపిల్లకు సైకిలు. పెళ్ళయిందా, ఆ సైకిలు అటక ఎక్కుతుంది. మగపిల్లవాడు ఊరికే చక్కర్లు కొడితే "కుర్రాడు, తిరగనీ" అంటారు. అదే మాట నలభై ఏళ్ళ ఆడమనిషిని గురించి అనేవాళ్ళను ఒక్కరిని చూపించండి!

నేను అడుగుతున్నది ఆ 'ఊరికే' తిరిగే హక్కు. సైకిలెక్కిన మనిషిని ఎవరూ "కాస్త మంచినీళ్ళిస్తావా?" అని అడగలేరు. "నా తువ్వాలు ఎక్కడుంది?" అనలేరు. వారానికి ఒక్క గంట, ఎవరికీ ఏమీ అందివ్వనక్కర్లేని గంట! ఇది విలాసమైతే విలాసమే అనుకోండి. మగవాళ్ళ విలాసాలకు ఎవరైనా లెక్కలు అడిగారా?

ఇక అభ్యంతరాలు. మొదటిది: "చీరలు కట్టుకుని సైకిళ్ళేమిటండీ!" తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో 1991లో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ సైకిలు నేర్పడాన్ని కూడా చదువులో భాగం చేశారు. కూలి చేసుకునే ఆడవాళ్ళు, క్వారీల్లో రాళ్ళు కొట్టే ఆడవాళ్ళు వేలమంది నేర్చుకున్నారు. చీరల్లోనే, లంగా ఓణీల్లోనే! ఆడవాళ్ళ సైకిళ్ళు చాలకపోతే మగవాళ్ళ సైకిళ్ళు తీసుకున్నారు. అడ్డంగా ఉండే ఆ కమ్మీ మీద చంటిపిల్లను కూర్చోబెట్టుకోవచ్చని కొందరికి అవే నచ్చాయట. కాబట్టి చీర మీద నేరం మోపకండి.

రెండోది: "రోడ్డు మూస్తే ట్రాఫిక్ ఏమైపోవాలి?" ఈ మాట సికింద్రాబాదులో అంటే నవ్వొస్తుంది. ఆషాఢంలో లష్కర్ బోనాలకు ఉజ్జయిని మహంకాళి గుడి చుట్టూ దారులు మళ్ళిస్తారు. ఊరు మునిగిపోయిందా? మంత్రిగారి కాన్వాయి వస్తే ఆపుతారు. కంటోన్మెంటులో భద్రత పేరుతో మూసిన దారులను తెరవమని 2018లో రక్షణ శాఖ ఆదేశాలిచ్చేదాకా జనం చుట్టు తిరిగే వెళ్ళారు. అమ్మవారి కోసం, మంత్రిగారి కోసం, సైన్యం కోసం ఆగే ట్రాఫిక్ ఆడవాళ్ళ కోసం మూడు గంటలు ఆగలేదా?

మూడోది: "ఆడవాళ్ళకు భద్రత ఉండొద్దా?" ఉండాలి. అందుకే ఊరి చివర నిర్మానుష్యంగా ఉండే దారి వద్దంటున్నాను. పదిమంది తిరిగేచోటే ఆడదానికి ధైర్యం. 2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రం అయిదు నుంచి పది దాకా వాహనాలను ఆపారు, గుర్తుందా? నేనూ వెళ్ళి చూశాను. అమ్మమ్మలు, కోడళ్ళు, చంకలో పిల్లలతో తల్లులు రోడ్డు నడిమధ్యన నడుస్తున్నారు. వాళ్ళనెవరు పిలిచారు? ఎవరూ పిలవలేదు. వేళ కుదిరింది, వచ్చారు, అంతే! కొలంబియా దేశంలో బొగోటా నగరం 1974 నుంచి ఇలాంటి పని చేస్తోంది. ఆదివారాలూ సెలవు రోజులూ పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా 120 కిలోమీటర్ల పైచిలుకు రోడ్లను సైకిళ్ళకూ నడిచేవాళ్ళకూ వదిలేస్తోంది. అక్కడ కొత్త దారి వెయ్యలేదు, కప్పు కట్టలేదు. ఉన్న రోడ్డునే కాసేపు మనుషులకు ఇచ్చారు.

అందుచేత నా కోరిక చిన్నది. సంజీవయ్య పార్కు దగ్గర నెక్లెస్ రోడ్డులో ఒక ముక్క, ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా. అద్దెకు నాలుగు సైకిళ్ళు, నేర్పడానికి ఒక మనిషి, శుభ్రమైన మరుగుదొడ్డి, నిండుగా దీపాలు. పండగకు పెట్టి మర్నాడు ఎత్తేసే ముచ్చట కాదు, ఏడాది పొడుగునా కావాలి.

ప్రభుత్వం ఇవ్వాల్సింది అది. ఇంట్లోవాళ్ళు ఇవ్వాల్సింది ఇంకొకటుంది. ఆ మూడు గంటలూ పిల్లల్ని చూసుకోవడం, రాత్రికి అన్నం వండి ఉంచడం. కుక్కరు కూతలు లెక్కపెట్టడానికి ఇంజనీరింగు డిగ్రీ అక్కర్లేదు.

అన్నట్టు, అడగందే అమ్మైనా పెట్టదంటారు. మీ పేట కార్పొరేటరుకు ఒక కార్డు ముక్క రాయండి. పక్కింటి పిన్నిగారి చేత, ఎదురింటి వదినగారి చేత సంతకాలు పెట్టించండి. అటక మీద సైకిలుంటే దించి నూనె పెట్టించండి. గుమ్మం దిగుతుంటే ఇంట్లోవాళ్ళు "ఎక్కడికి?" అని అడుగుతారు. అడగనివ్వండి. కూరలకనీ, గుడికనీ అబద్ధం చెప్పకండి.

ఎక్కడికీ కాదు, ఊరికే!