బొమ్మకు చోటుంది, బిడ్డకు లేదా?

మొన్న మే నెలలో మా చెల్లెలి ఆడబిడ్డ పెళ్లికి చీరలు కొనడానికి కర్నూలులో ఒక పెద్ద బట్టల షాపుకు వెళ్లాం. చెల్లెలి కొడుక్కి నాలుగో నెల. బయట ఎండ ఎలా ఉంటుందో మన సీమవాళ్లకు చెప్పక్కర్లేదు. లోపల ఏసీ చల్లగా ఉంది, కూల్‌డ్రింకులు కూడా ఇచ్చారు. గంట గడిచేసరికి పిల్లోడు పాలకు ఏడుపు అందుకున్నాడు.

"పాలిచ్చుకోవడానికి ఎక్కడైనా చోటుందామ్మా?" అని సేల్స్ అమ్మాయిని అడిగితే, పాపం ఆ పిల్ల అటూ ఇటూ చూసి, "ట్రయల్ రూముకు పోండక్కా" అంది. అందులో కుర్చీ లేదు. చెల్లెలు గోడకు ఆనుకుని నిలబడి పాలిస్తుంటే రెండుసార్లు ఎవరో తలుపు కొట్టారు. పిల్లోడు అరకడుపుతో బయటికొచ్చాడు. మేమూ సగం చీరలు కొనకుండానే ఇంటిదారి పట్టాం.

వచ్చేటప్పుడు చూస్తే, ముందు అద్దాల వెనక పట్టుచీరలు కట్టిన బొమ్మలు వరుసగా నిలబడి ఉన్నాయి. ఒక్క బొమ్మను జరిపితే ఒక తల్లి కూర్చోవచ్చు!

నా పుట్టిల్లు కడప. చిన్నప్పుడు వై.వి. స్ట్రీట్‌లో చీరలు కొనాలంటే చెప్పులు బయట విడిచి, తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద కూర్చునేవాళ్లం. అమ్మ బేరమాడుతుంటే తమ్ముడు అక్కడే నిద్రపోయేవాడు. చంటిబిడ్డ తల్లి గోడవైపు తిరిగి, కొంగు కప్పుకుని పాలిచ్చేది. తల్లుల కోసమని ఎవరూ ఆలోచించి పెట్టిన ఏర్పాటు కాదది. కింద కూర్చునే అంగడిలో బిడ్డకూ చోటు దొరికేది, అంతే. ఇప్పుడు అంతస్తులు పెరిగాయి, ఎస్కలేటర్లు వచ్చాయి, ఆ చోటు పోయింది.

పిల్లల సంగతి షాపువాళ్లకు తెలియదనుకోకండి. బిల్లు కౌంటర్ దగ్గర చాక్లెట్లు, బొమ్మలు సరిగ్గా మూడేళ్ల పిల్లాడి చేతికి అందే ఎత్తులోనే ఉంటాయి. పిల్లాడి ఎత్తు కొలిచినవాళ్లకు తల్లి అవసరం తెలియదా?

ఈ మాటంటే మా ఆయన, "చంటోణ్ణి ఇంట్లో పెట్టి పోవచ్చు కదా" అన్నారు. ఆరు నెలల దాకా తల్లిపాలే పట్టమని డాక్టర్లు చెప్తారు. మరి తల్లి బజారులో, బిడ్డ ఇంట్లో ఎలా కుదురుతుంది? కారున్నవాళ్లు కారులో కూర్చుని పాలిచ్చుకుంటారు. ఆదోని నుంచో, ఆత్మకూరు నుంచో పొద్దున్నే బస్సెక్కి వచ్చిన తల్లి ఎక్కడ కూర్చోవాలి?

తమిళనాడు 2015లోనే బస్టాండ్లలో తల్లిపాల గదులు తెరిచింది. బహిరంగ ప్రదేశాల్లో ఇలాంటి గదులు ఏర్పాటు చేయమని 2024 ఫిబ్రవరిలో కేంద్రం రాష్ట్రాలకు రాసింది. ఆ సంగతి మళ్లీ గుర్తుచేయమని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. బయట బిడ్డకు పాలిచ్చే తల్లిని తక్కువగా చూడకూడదని కూడా అంది. అయితే ఇదంతా ప్రభుత్వ స్థలాల మాట. షాపు యజమానిని అడగాల్సింది మాత్రం మనమే.

మనం అడిగేది ఆటల గది కాదు. ఉన్న ట్రయల్ రూముల్లో ఒకదాన్ని తల్లులకు వదలాలి. లోపల ఒక కుర్చీ, ఒక ఫ్యాను, గట్టి గడియ, తలుపు మీద ఒక బోర్డు ఉంటే చాలు. బిడ్డకు గుడ్డ మార్చడానికి బయట ఒక బల్ల వేయాలి. ఆడవాళ్ల బాత్రూములో కాదు సుమా, నాన్నలూ మార్చగలిగే చోట. అంతా కలిపినా ఒక మంచి ధర్మవరం పట్టుచీర ఖరీదు కాదు.

ఆ రోజు బయటికొచ్చేముందు మేనేజరుతో ఇదే చెప్పాను. "చూస్తాం మేడమ్" అన్నాడు. మీరూ ఈసారి బిల్లు కట్టేముందు ఒక్క మాట అడగండి. ఒకరు అడిగితే "చూస్తాం" అంటారు, పదిమంది అడిగితే కుర్చీ వేస్తారు. ఆషాఢం సేల్‌కు నేనూ, చెల్లెలూ మళ్లీ వెళ్తాం. కుర్చీ చూశాకే చీరలు చూస్తాం.