తూకం ముందే తెలిసినప్పుడు తరుగు ఎంత?

నగల తయారీలో కంప్యూటర్ వాడకంపై బులియన్ వర్గాల్లో సాగుతున్న చర్చ చాలావరకు యంత్రం ఖరీదు దగ్గరే ఆగిపోతున్నది. నిజానికి చర్చించవలసింది తరుగు సంగతి.

రైనో, మ్యాట్రిక్స్, హాంకాంగ్‌లో పుట్టిన జ్యువెల్‌క్యాడ్ వంటి సాఫ్ట్‌వేర్‌లలో లాకెట్టు నమూనా గీస్తే దాని ఘనపరిమాణం కూడా తెలిసిపోతుంది. దానిని లోహ సాంద్రతతో హెచ్చవేస్తే తూకం వస్తుంది. 22 క్యారెట్ల బంగారం ఘన సెంటీమీటరుకు సుమారు 17.7 గ్రాములు, 18 క్యారెట్లది సుమారు 15.5 గ్రాములు తూగుతుంది. అర ఘన సెంటీమీటరు లాకెట్టు మొదటి రకంలో 8.85 గ్రాములు, రెండో రకంలో 7.75 గ్రాములు అవుతుంది. మెరుగులో కాస్త తగ్గుతుందనుకున్నా, గ్రాము బంగారం కరిగించకముందే ఈ లెక్క వర్తకుని చేతిలో ఉంటుంది.

ఆ తర్వాతి పని పాత పోత పనే. త్రీడీ ప్రింటర్ మైనంతోనో రెజిన్‌తోనో నమూనా తీస్తుంది. ఒకే రకం సరుకు ఎక్కువ కావాలంటే దానితో రబ్బరు అచ్చు చేసి మైనపు నకళ్లు తీసి, చెట్టు కొమ్మల్లా ఒక కాడకు అతికించి, పిండిలో పాతి, కాల్చి బంగారం పోస్తారు. కాడల్లో మిగిలిన బంగారం మళ్లీ మూసలోకే పోతుంది. ఆకురాయి రజను, మెరుగు ధూళి కూడా చాలావరకు శుద్ధిలో తిరిగి వస్తాయి. శాశ్వతంగా పోయేది స్వల్పం.

మరి 40 గ్రాముల పోత హారం మీద నూటికి 12 చొప్పున తరుగు వేస్తే 4.8 గ్రాములు. ఈ బంగారం ఎక్కడ పోయిందని కొనుగోలుదారు అడిగితే చెప్పేదేమిటి? అది పనితనం వెల అయితే మజూరీ పద్దులో చూపవచ్చు. తరుగు పేరుతో చూపితే మజూరీ కూడా బంగారం ధరతోపాటే పెరుగుతుంది. పనిలో మాత్రం మార్పేమీ ఉండదు.

తప్పనిసరి హాల్‌మార్కింగ్ 2021 జూన్ 16 నుంచి దశలవారీగా అమలులోకి వచ్చింది. మచ్చులో తేడా చేసి లాభం చూసుకునే దారి దానితో ఇరుకైంది. అందువల్ల కొనుగోలుదారు చూపు ఇక తరుగు మీద పడక మానదు. ముద్ర బంగారం నాణ్యతకు హామీ ఇస్తుందే గాని, తరుగుకు ఇవ్వదు.

అన్ని సరుకులకూ కంప్యూటర్ పనికిరాదన్నది కూడా వర్తకులు గమనించాలి. కాసులపేరులోని కాసులను అచ్చుతో గుద్దడమే చవక. నక్షీ పని మరీ వేరు. లక్క మీద పలుచటి రేకును పరచి, ఉలితో బొమ్మ లేపే కంసాలి తక్కువ బంగారంతో నిండైన లక్ష్మీ రూపం చూపగలడు. అదే బొమ్మను పోత పోస్తే, లోహం సాఫీగా పారడానికి గోడ మందం ఉంచక తప్పదు గనుక తూకం పెరుగుతుంది. చేతిపని నగలో తరుగు ఎక్కువైనా మొత్తం ధర తక్కువకే రావచ్చు. ఈ బేరీజు వేయకుండా, తెర మీది బొమ్మ అందంగా ఉందని ఆర్డరు ఇచ్చేవారికి బంగారం పెట్టుబడి వృథా.

ఇక కంసాలుల సంగతి. పోత సరుకు కూడా వారి చేతి మీదుగా రావలసిందే: కాడలు కోయాలి, ఆకురాయి పట్టాలి, అతుకు వేయాలి, రాళ్లు పొదగాలి. గ్రాముల లెక్కన కూలి ఇచ్చే పద్ధతి ఈ పనికి సరిపోదు. తేలిక లాకెట్టులో వంద రాళ్లు పొదగడానికి పట్టే సమయం బరువైన గాజుకు పట్టకపోవచ్చు. నగకు ఇంత, రాయికి ఇంత అని కట్టడం న్యాయం. పోత సరుకని కంసాలికి ఇచ్చే తరుగులో కోత పెట్టి, అదే సరుకుకు కొనుగోలుదారు దగ్గర పాత తరుగే వసూలు చేసే దుకాణం రెండు వైపులా సంజాయిషీ చెప్పుకోవాలి.

బిల్లులో పోత నగకు, చేతిపని నగకు వేర్వేరు తరుగు రేట్లు వేసి, మజూరీని విడిగా రాయడానికి కొత్త చట్టం రానక్కరలేదు. ఊరి వర్తక సంఘాలు పెళ్లిళ్ల సీజనుకు ముందే కూర్చుని ఆ రేట్లు నిర్ణయించుకోవచ్చు.