ఖాకో దేఖ్, తిని చూడు, తబెతె మిరు

మా భాంజా జపాన్‌లో నౌకరీ కోసం జపనీస్ నేర్చుకుంటున్నాడు. మొన్న ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చున్నాడు. 'మిరు' అంటే చూడడం. అంతవరకు ఆసాన్. మరి 'తబెతె మిరు'లో తినడం పక్కన ఈ చూడడం ఎందుకొచ్చింది? కితాబులో దాని మతలబ్ ఇంగ్లీషులో 'ట్రై' అని ఉంది. చూడడం కాస్తా ట్రై ఎలా అయిందో వాడికి సమఝ్ కాలేదు.

అంతలో మా అమ్మీ దాల్చా గిన్నె తెచ్చి మనవడి ముందు పెట్టింది. "జరా ఖాకో దేఖ్ బేటా" అంది.

జవాబ్ దొరికింది! ఖాకో దేఖ్, తిని చూడు, తబెతె మిరు. మూడు జబాన్లదీ ఒకే నడక.

ఇంకా ఉన్నాయి. 'అజి ఒ మిరు' అంటే రుచి చూడడం. 'యుమె ఒ మిరు' అంటే ఖ్వాబ్ దేఖ్‌నా. పిల్లల్ని చూసుకోవడానికీ 'మెందో ఒ మిరు' అనే అంటారు. అదబ్ కూడా మనలాగే. పెద్దలు చూస్తే 'మిరు' అనరు, 'గొరాన్ ని నారు' అంటారు. 'దేఖియే' బదులు 'ములాహిజా ఫర్మాయియే' అన్నట్టు.

అలాగని ఆంఖేఁ మూసుకుని తర్జుమా చేయకూడదు. 'ఖాలాను చూసొస్తా' అంటాం మనం. అక్కడ మనిషిని కలవడానికి 'అవు' అనే వేరే మాట ఉంది. ఆ ఫరక్ నేర్చుకోవాల్సిందే.

నా బాధ వేరే. ఇంగ్లీషు వస్తేనే పరాయి జబాన్ వస్తుందని మన ఇళ్లలో ఒక వహమ్ ఉంది. అందుకే పిల్లలతో ఉర్దూ మానేశాం, తెలుగు తగ్గించాం. ఇంగ్లీషు వద్దని నేననను. కానీ జపనీస్‌లో క్రియ వాక్యం చివర కూర్చుంటుంది, అచ్చం మన తెలుగులోలా, ఉర్దూలోలా. ఇంగ్లీషు మీదుగా వెళ్లేవాడు వాక్యాన్ని రెండుసార్లు తిరగేయాలి. ఇంటి దారిన వెళ్లేవాడికి ఆ తక్లీఫ్ లేదు. రెండు జబాన్ల దౌలత్ ఇంట్లో పెట్టుకుని పిల్లల్ని గరీబులుగా ఎందుకు పెంచుతున్నాం?

మా భాంజా కితాబులో 'ట్రై' కొట్టేశాడు. పక్కన 'ఖాకో దేఖ్' అని రాసుకున్నాడు. ఆ తర్వాత దాల్చా తిన్నాడు.