తల నెరిస్తే పని లేదా?

వేకువన ఊరి రచ్చకట్ట దగ్గర ఆటో ఆగుతుంది. కలుపు తీతకో, టమోటా కోతకో, చీనీ తోటకో కూలీలను ఎక్కించుకుని పోయే ఆటో అది. మేస్త్రీ తలలు లెక్క పెడతాడు. సద్దిగిన్నె చంకన పెట్టుకుని అందరికన్నా ముందు వచ్చి నిలబడిన తల నెరిసిన మనిషి దగ్గరకు వచ్చేసరికి లెక్క ఆగుతుంది. "అవ్వా, ఈ పొద్దుకు మంది చాలు, నువ్వు ఇంటికాడుండు" అంటాడు. ఆమె వెనుక వచ్చిన ఇద్దరు పడుచువాళ్లు ఆటో ఎక్కుతారు. మంది చాలడమన్నది అబద్ధమని మేస్త్రీకీ తెలుసు, ఆమెకూ తెలుసు. మూడేళ్ల కిందటి దాకా అక్కా అని పిలిచిన నోరే ఇప్పుడు అవ్వా అంటోంది. ఆ పిలుపు మారిన నాడే ఆమె కూలి పోయింది.

అనంతపురం జిల్లా పల్లెల్లో ఇది ఏ ఒక్క ఊరి కథా కాదు. వానలు సరిగా లేని ఈ నేలను వదిలి పడుచువారు బెంగుళూరు దారి పట్టి చాలాకాలమైంది. ఊళ్లో మిగిలింది ఎక్కువగా నడివయసు వారు, పెద్దవారు. అటువంటప్పుడు ఊరి పని వారికే దక్కాలి. కాని ఉన్న పని ఉన్న వారికి దక్కకపోవడం, అందుకు వారి వయసునే కారణంగా చూపడం విచారకరం.

మేస్త్రీని ఒక్కడినే తప్పు పట్టి లాభం లేదు. రోజు కూలి పోయి గుత్త పని వచ్చింది. ఎకరాకు ఇంత అని రైతుతో మాట్లాడుకుంటారు. వచ్చిన డబ్బును గుంపులో అందరూ సమంగా పంచుకుంటారు. ఒక సాలు వెనకబడిన మనిషి ఉంటే మిగిలిన వారి వాటా తగ్గుతుందన్న లెక్క గుంపులో పుడుతుంది. రైతుకు తొందర ఉంటుంది. పదును ఆరకముందే విత్తనం పడాలి, వాన రాకముందే కాయ ఇంటికి చేరాలి. ఎండకు పెద్దవారు సొమ్మసిల్లితే ఆ బాధ్యత ఎవరిదన్న భయమూ ఉంది. ఇవన్నీ కొట్టివేయదగిన మాటలు కావు. కాని వీటిలో ఏ ఒక్కటీ మనిషిని చూడకుండానే తలవెంట్రుకలను చూసి వెనక్కి పంపడానికి కారణం కాజాలదు. అరవై ఏళ్ల వయసులో సాలు తప్పకుండా కలుపు తీసేవారు ఉన్నారు. ముప్పై ఏళ్లకే నడుము పట్టేసిన వారూ ఉన్నారు. చూడవలసింది చేతిని, వయసును కాదు.

మగవారి సంగతీ ఇంతే. పొలం పని తప్పినవారు పట్నంలో కాపలా పనికైనా పోదామనుకుంటారు. అక్కడ నలభై అయిదు దాటిన వారు వద్దంటారు. 2005లో పార్లమెంటు చేసిన ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కాపలాదారుకు 18 ఏళ్లు నిండి ఉండాలని, 65 ఏళ్లు నిండకూడదని చెప్పింది. అంటే చట్టం 65 దాకా తలుపు తెరిచి ఉంచితే, పని ఇచ్చేవారు ఇరవై ఏళ్లు ముందే మూసేస్తున్నారు. ఎందుకని అడిగే నాథుడు లేడు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. పల్లెలో కూలి పని యాభైకి అటూ ఇటూగా ఆగిపోతోంది. వృద్ధాప్య పింఛను అరవైకి గాని మొదలు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పింఛనును 2024లో నెలకు 4,000 రూపాయలు చేశారు. అది పెద్ద ఆసరాయే. కాని యాభైకి, అరవైకి మధ్య ఉన్న పదేళ్లు ఎలా గడవాలి? చేనేత కార్మికులకు, కల్లుగీత కార్మికులకు 50 ఏళ్లకే పింఛను ఇచ్చే నిబంధన రాష్ట్రంలో ఉంది. ఆ వృత్తులు ఒంటిని ముందే అరగదీస్తాయని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే కదా. ఎండలో నడుము వంచి నలభై ఏళ్లు పని చేసిన వ్యవసాయ కూలీ ఒళ్లు మాత్రం అరగదా?

దీనికి తోడు కాగితం వయసు ఒకటి. పాతతరం వారిలో చాలామందికి పుట్టిన తేదీ తెలియదు. ఆధార్ కార్డు తీసేటప్పుడు ఉజ్జాయింపుగా చెప్పిన ఏడాదే రాశారు, తేదీ జనవరి 1 అని పడింది. అరవై దాటిన మనిషికి కార్డులో యాభై నాలుగు ఉంటే పింఛను రాదు. కార్డులో చిన్నవాడే కదా అని మేస్త్రీ పని ఇవ్వడు, ఎందుకంటే అతడు కార్డు చూడడు, తల చూస్తాడు. పింఛనుకు పనికిరానంత చిన్న, పనికి పనికిరానంత పెద్ద. ఈ రెండింటి మధ్య నలిగిపోయేవారు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు.

సర్కారు ఉద్యోగులతో పోల్చి చూస్తే ఈ అన్యాయం మరింత తేటగా కనపడుతుంది. 1983 ఫిబ్రవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. రాష్ట్రమంతటా గగ్గోలు పుట్టింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తరువాత 58 తిరిగి వచ్చింది. రాష్ట్ర విభజన తరువాత 2014లో ఆంధ్రప్రదేశ్‌లో అది 60 అయింది, 2022లో 62 అయింది. తెలంగాణలో 2021లో 61 చేశారు. ఆయుర్దాయం పెరిగింది, అనుభవం వృథా కారాదు అన్నారు. సబబైన మాటే. అయితే ఆ ఆయుర్దాయం, ఆ అనుభవం కుర్చీలో కూర్చున్న వారికే ఉంటాయా? మూడేళ్లు తగ్గించినందుకు ఉద్యోగులు కోర్టు మెట్లెక్కగలిగారు. పదేళ్లు ముందే ఇంటికి పంపినా కూలీ తరఫున గొంతెత్తే సంఘం లేదు. ఆమెకు పదవీ విరమణ ఉత్తర్వు రాదు, సన్మానం జరగదు, దండ పడదు. ఒకనాటి ఉదయం ఆటో ఆమెను వదిలి వెళ్లిపోతుంది, అంతే.

చట్టం ఏమంటోంది? రాజ్యాంగం 16వ అధికరణం సర్కారు ఉద్యోగాల్లో మతం, జాతి, కులం, స్త్రీ పురుష భేదం, వంశం, పుట్టిన చోటు, నివాసం కారణంగా వివక్ష చూపరాదంది. ఆ జాబితాలో వయసు లేదు. ప్రైవేటు పనుల్లో వయసు వివక్షను నిషేధించే ప్రత్యేక చట్టమూ మన దేశంలో లేదు. అమెరికాలో 1967లోనే 40 ఏళ్లు, ఆ పైబడిన వారి కోసం అటువంటి చట్టం చేసుకున్నారు. అయితే మన రాజ్యాంగం 41వ అధికరణంలో ఒక మాట ఉంది. పని చేసే హక్కు, నిరుద్యోగంలో, వృద్ధాప్యంలో ప్రభుత్వ సహాయం పొందే హక్కు కల్పించడానికి రాజ్యం తన శక్తి మేరకు ప్రయత్నించాలన్నది దాని సారాంశం. పనినీ వృద్ధాప్యాన్నీ ఒకే అధికరణంలో చేర్చిన పెద్దలు ముందుచూపుతోనే చేర్చారు.

ఆ ఆదర్శానికి దగ్గరగా వచ్చిన పథకం మొదలైంది మన జిల్లాలోనే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. 2005 నాటి ఆ చట్టం ఏటా ఒక్కో కుటుంబానికి 100 రోజుల పని హామీ ఇచ్చింది. 18 ఏళ్లు నిండి శారీరక శ్రమకు సిద్ధపడిన ఎవరైనా పని అడగవచ్చంది. పై వయసు పరిమితి పెట్టలేదు. మేస్త్రీ వద్దన్న అవ్వకు పేరు పెట్టి పని అడిగే హక్కు మొదటిసారిగా దక్కింది.

కాని ఆచరణలో అక్కడా చిక్కు వచ్చింది. పని కొలత మీద డబ్బు. 2025-26లో రాష్ట్రంలో రోజు కూలి 307 రూపాయలుగా నిర్ణయించినా, తవ్విన మట్టి కొలతకు తగ్గితే అది చేతికి రాదు. గుంపులుగా పని చేసేచోట పెద్దవారిని చేర్చుకుంటే తమ కొలత తగ్గుతుందని మిగిలినవారు వెనుకాడారు. నూరు రోజులు కుటుంబానికి గనుక ఇంట్లోనే కోడలినో కొడుకునో పంపి పెద్దవారిని ఆపేసిన సందర్భాలూ ఉన్నాయి. పొలంలోని గుత్త లెక్కే సర్కారు పనిలోకీ పాకిందన్నమాట.

దీనికి విరుగుడు ఆ చట్టం షెడ్యూలులోనే ఉండటం గమనార్హం. మహిళలకు, వృద్ధులకు, వికలాంగులకు, జబ్బులతో నీరసించిన వారికి విడిగా రేట్లు నిర్ణయించవచ్చని అందులో రాశారు. అంటే వయసు మళ్లిన మనిషి తన శక్తికి తగిన మట్టి తవ్వినా పూర్తి కూలి వచ్చేలా కొలతను సవరించవచ్చు. ఈ సంగతి ఎన్ని ఊళ్లలో కూలీలకు చెప్పారు? ఎన్ని గ్రామసభల్లో చదివి వినిపించారు? అడిగేవారికి తెలియదు, తెలిసినవారు చెప్పరు. హక్కు పుస్తకంలోనే ఉండిపోయింది.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో 125 రోజుల పని హామీతో కొత్త చట్టాన్ని ఆమోదించింది. రోజులు పెరగడం మంచిదే. అయితే విత్తనం వేసే కాలంలో, కోతల కాలంలో మొత్తం 60 రోజులు ఈ పనులు ఆపాలన్న నిబంధన అందులో ఉంది. రైతుకు కూలీలు దొరకాలన్నది ఉద్దేశం. కాని ఆ 60 రోజులూ రైతు పొలానికి ఎవరిని పిలుస్తారు? పడుచువారిని పిలుస్తారు. పొలం రానివ్వని పెద్దవారికి సర్కారు పనీ ఆగిపోతే ఆ రెండు నెలలు పొయ్యి ఎలా వెలగాలి? కొత్త చట్టం కింద పథకాన్ని నడిపేది రాష్ట్రమే. కాబట్టి ఈ ప్రశ్నకు రాష్ట్రమే జవాబు చెప్పాలి.

హాజరు పద్ధతీ పెద్దవారిని ఇబ్బంది పెట్టింది. 2023 జనవరి 1 నుంచి ఉపాధి పనుల్లో రోజుకు రెండుసార్లు సెల్‌ఫోనులో ఫొటో తీసి హాజరు వేయడం తప్పనిసరి చేశారు. చల్లపొద్దున పని ముగించుకోగలిగిన పెద్దవారు రెండో ఫొటో కోసం ఎండలో కాచుకోవలసి వచ్చింది. తీరా డబ్బు పడ్డాక తీసుకోవడానికి పోతే, జీవితమంతా మట్టి పిసికిన వేళ్ల మీద గీతలు అరిగిపోయి యంత్రం వేలిముద్ర పట్టదు. పని చేసినందుకు గుర్తుగా మిగిలిన చేతులే కూలి అందుకోవడానికి అడ్డం కావడం కన్నా శోచనీయం ఏముంటుంది?

ఇప్పుడు చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు. వృద్ధులకు విడి కొలత అన్న నిబంధన కాగితానికే పరిమితం కాకుండా ప్రతి పంచాయతీలో దండోరా వేయించాలి. పెద్దవారిని విడి గుంపుగా చేసి నర్సరీ మొక్కలకు నీళ్లు పోయడం, పని చోట మంచినీళ్లు అందించడం, చంటిపిల్లలను చూసుకోవడం వంటి పనులు ముందుగా వారికే ఇవ్వాలి. పొలం పనులు ఆపే 60 రోజుల్లో కూడా ఈ తేలిక పనులు వారికి సాగేలా రాష్ట్రం మార్గం వెతకాలి. హాజరుకు ఒక్క పూట ఫొటోతో సరిపెట్టాలి. ఆధార్ వయసు తప్పుపడిన వారి కోసం మండలంలో శిబిరం పెట్టి, ఊరి పెద్దల వాంగ్మూలం, పిల్లల వయసు చూసి సరిచేసే ఏర్పాటు కావాలి. వీటిని అడగడానికి గ్రామసభే తగిన వేదిక. అడగనిదే అమ్మయినా పెట్టదు.

రైతులకూ ఒక మాట. విత్తన వేరుశనగ కాయ ఒలవడానికి, పుచ్చు గింజ ఏరడానికి పడుచు కండ అక్కరలేదు, ఓపిక ఉన్న వేళ్లు కావాలి. చీనీ కాయను సైజుల వారీగా వేరు చేయడానికి, డ్రిప్పు పైపుల్లో నీరు పారుతున్నదీ లేనిదీ చూడటానికి, అడవి పందుల నుంచి చేను కాయడానికి అనుభవం ఉన్న కన్ను కావాలి. ఇటువంటి పనులు పెద్దవారికే కేటాయిస్తే రైతుకు నష్టం లేదు. ఇష్టపడిన వారికి ఒక పూట పని, ఒక పూట కూలి పద్ధతి పెట్టుకోవచ్చు. కాని కొన్నిచోట్ల జరుగుతున్నట్టు రోజంతా పని చేయించుకుని "ముసలిదానికి ఇదే ఎక్కువ" అని సగం కూలి చేతిలో పెట్టడం దయ కాదు, దోపిడీ. పాత కనీస వేతనాల చట్టం పెద్దలకు, పిల్లలకు వేర్వేరు రేట్లు పెట్టనిచ్చింది గాని వృద్ధులకు తక్కువ ఇమ్మని 1948లో సైతం చెప్పలేదు.

పెద్దల మాట చద్దిమూట అని మనమే అంటాం. పంచాయితీకి పెద్దలు కావాలి, పెళ్లికి పెద్దలు కావాలి. కాని పనిలోకి వచ్చేసరికి పెద్దరికం నేరమవుతోంది. వారు అడుగుతున్నది జాలి కాదు, ఊరికే కూర్చోబెట్టి పెట్టే ముద్ద కాదు. చేయగలిగినంత చేసి, చేసినదానికి తగ్గ కూలి తీసుకుని, ఒకరి ముందు చేయి చాచకుండా బతకాలని. రేపు వేకువన రచ్చకట్ట దగ్గర ఆటో మళ్లీ ఆగుతుంది. ఆ సద్దిగిన్నెకు కూడా అందులో చోటు ఉండాలి. ఈ రోజు లెక్క పెడుతున్న మేస్త్రీ తల కూడా ఒకనాడు నెరుస్తుందని మరవరాదు.