పింఛను 25 ఏళ్లతో ఆగదు

సంపాదక మహాశయులకు,

పిల్లలకు 25 ఏళ్లు నిండగానే కుటుంబ పింఛను ఆగిపోతుందని మీ సందేహాల శీర్షికలో రాశారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో అది సగం మాటే. సొంతంగా పొట్టపోసుకోలేని వైకల్యమున్న బిడ్డకు ఆ పింఛను జీవితాంతం అందుతుంది, పెళ్లయినా పోదు. అలాంటి బిడ్డల ఆదాయ పరిమితిని కూడా 2021లో సడలించారు.

అసలు చెప్పాల్సింది మరొకటుంది. తల్లిదండ్రులు బతికుండగానే వైద్య ధ్రువపత్రంతో దరఖాస్తు చేసి, ఆ బిడ్డ పేరు పింఛను చెల్లింపు ఉత్తర్వులో (పీపీఓ) ఎక్కించుకోవచ్చు. మా వీధిలో ఒకాయన ఆ పని చేయకుండానే పోయారు. మంచం దిగలేని తమ్ముడి వైకల్యం తండ్రి ఉన్నప్పటిదేనని నిరూపించడానికి అన్న పాత ఆసుపత్రి చీటీలు వెతుకుతున్నాడు. చాలా చీటీల మీద సిరా వెలిసిపోయింది. సవరణను దయచేసి అదే శీర్షికలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి.

– ఒక విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం